కషాయం పెట్టండి, గడువు కూడా పెట్టండి

(శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక ఊరి గ్రంథాలయంలో, మహిళా సంఘాల సభ్యుల ముందు ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం అమ్మా. వెనకాల నిలబడ్డవాళ్లు లోపలికి వచ్చి కూర్చోండి, చాపలు ఇంకా ఉన్నాయి. ఆ బల్ల మీద బీపీ మిషను పెట్టాను, చూశారు కదా. అది మీటింగు అయ్యాక. టీ తాగిన వెంటనే చూస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది, అందుకే టీ చివర్లో ఇవ్వమని చెప్పాను. ఏమీ అనుకోకండి.

నేను ముప్పై నాలుగేళ్లు ఆరోగ్య శాఖలో పనిచేశాను. పార్వతీపురం పైన ఏజెన్సీలో ఏఎన్ఎంగా చేరాను, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఇన్నేళ్లూ జనం నన్ను అడిగింది ఒకటే: "ఆసుపత్రికి ఎళ్లకుండా ఇంట్లో ఏటైనా మందుంటే చెప్పమ్మా" అని. ఇవాళ కూడా మీ సంఘం వాళ్లు ఫోన్ చేసి, నేచురల్‌గా తగ్గేవి చెప్పండి అన్నారు. తప్పకుండా చెప్తాను. వంటింటి మందు మీద నాకు నమ్మకం ఉంది. మా అమ్మ పోపులపెట్టె పక్కన ఇంకో చిన్న డబ్బా పెట్టేది. అందులో వాము, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఒక కరక్కాయ ఉండేవి. పెరట్లో తులసి, వామాకు. మా ఐదుగురి జలుబులూ, అజీర్తులూ ఆ డబ్బాతోనే గడిచిపోయాయి.

ఆ డబ్బానే నమ్ముకుని ఒక రాత్రి మా నాన్నను పోగొట్టుకున్నాం.

ఉభాల రోజులు, వరినాట్లు వేసే కాలం. నాన్నకు యాభై రెండేళ్లు. మడిలోంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నారు. ఎనిమిదింటికి గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుంది అన్నారు. అమ్మ వాము, ఉప్పు నలిపి ఇచ్చింది. ఒక తేన్పు వచ్చింది. గ్యాసే, తగ్గిపోతుంది అనుకున్నారు. పదింటికి మళ్లీ అదే బరువు. ఈసారి బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. ఉక్కపోత కదా అని విసిరారు. కిళ్లీ కొట్టు తలుపు కొట్టి సోడా తెచ్చారు. పన్నెండింటికి ఎడం చెయ్యి లాగుతోంది అంటే నూనెలో కర్పూరం వేసి రాశారు. తెల్లవారుజామున నాలుగింటికి అయిపోయింది. నేను అప్పుడు ట్రైనింగులో ఉన్నాను. గుండెపోటు లక్షణాల పాఠం మాకు ఆ తర్వాతి నెలలో చెప్పారు. క్లాసులో కూర్చుని ఒక్కొక్క లక్షణం రాసుకుంటుంటే, మా ఇంట్లో ఆ రాత్రి గంట గంటకీ ఏం జరిగిందో ఎవరో చూసి చెప్తున్నట్టే అనిపించింది.

అమ్మది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. వాముదీ తప్పు కాదు. ఎనిమిదింటికి వాము ఇవ్వడం సబబే. పదింటికి తగ్గలేదు, పైగా చెమట పట్టింది. అప్పుడు బండి కట్టాల్సింది. అక్కడ ఇంకో మందు, దాని మీద ఇంకో మందు పడింది. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో కషాయం కాస్తున్నా నేను వద్దనను. ఎప్పటిదాకా చూస్తారు అని మాత్రం అడుగుతాను. గంటా, ఒక రాత్రా, మూడు రోజులా? ఇంటి మందుకు గడువు పెట్టండి. నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఛాతీ నొప్పి సంగతి ముందే ముగిస్తాను. గుండెల మధ్య బరువుగా, పిండినట్టుగా ఉండి పావుగంట దాటినా వదలకపోతే, చెమటగానీ, ఆయాసంగానీ, ఎడమ చేతికో దవడకో లాగడంగానీ తోడైతే, అది గ్యాస్ అవునా కాదా అని ఇంట్లో తేల్చకండి. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది. ఆడవాళ్లకూ షుగర్ ఉన్నవాళ్లకూ ఒక్కోసారి నొప్పే ఉండదు. ఒట్టి ఆయాసం, వాంతి, నీరసం ఉంటాయి. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అంతే. పక్షవాతానికి పావురం రక్తం రాస్తామని తిరుగుతారు. మెదడులో గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. అందులో రెండు గంటలు దారికే పోతాయి. పావురాన్ని వెతికే టైము ఎక్కడుంది?

సరే, ఇప్పుడు జలుబు, దగ్గు. మీ అందరికీ ఇష్టమైన సంగతి. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. యాంటీబయాటిక్ మాత్ర దాన్ని ఒక్క రోజు ముందు కూడా తగ్గించదు. మిరియాల పాలు, తులసి శొంఠి కషాయం, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం, ఇవన్నీ గొంతుకు హాయినిస్తాయి. చేసుకోండి. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా తేనె దగ్గును బాగా ఆపుతుంది, దీన్ని పరిశోధనలు కూడా ఒప్పుకున్నాయి. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె నాలుక మీద చుక్క కూడా వద్దు. పుట్టగానే తేనె నాకించే ఆచారం మనలో ఉంది. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసిబిడ్డ పేగులో పెరిగి విషం తయారు చేస్తుంది, దాంతో కండరాలు పడిపోతాయి. పసిపిల్లలకు ఆముదం పోయడం, ముక్కులో నూనె వేయడం కూడా మానేయండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే తీయలేం. వేపనూనె తాగించడం మరీ ప్రమాదం, దానివల్ల ఫిట్స్ వచ్చిన పసిపిల్లలున్నారు. ఆవిరి పట్టించేటప్పుడు మరిగే గిన్నె పిల్లల దగ్గర పెట్టకండి. జలుబు పది రోజుల్లో పోతుంది గానీ కాలిన మచ్చ పోదు.

పిల్లల దగ్గులో అసలు చూడాల్సింది దగ్గు కాదు, ఊపిరి. ఇదిగో, ఈ అమ్మ ఒళ్లో పాప నిద్రపోతోంది. ఎన్ని నెలలమ్మా? పద్నాలుగా? బంగారుతల్లి. జుబ్బా కొంచెం పైకి తీయండి, లేపకుండా. అందరూ పాప పొట్ట చూడండి. పొట్ట లేచి దిగితే ఒకటి. నేను వాచీ చూస్తాను, మీరు లోపల లెక్కపెట్టుకోండి. పూర్తిగా ఒక నిమిషం. ఊ... మొదలు.

అయింది. ఎన్ని వచ్చాయి? ముప్పై ఒకటి, ముప్పై, ఈ అక్కకు ముప్పై మూడు. సరిగ్గానే లెక్కపెట్టారు. ఏడాది దాటిన పిల్లకు నిమిషానికి 40 లోపు ఉండాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50 లోపు. రెండు నెలల లోపు పసికందుకు 60 లోపు. అంతకు చేరినా దాటినా న్యుమోనియా అని అనుమానించాల్సిందే. ఇంకొకటి చూడండి, ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పాప పక్కటెముకల కింద గుంట పడటం లేదు. అలా గుంట పడితే మనవాళ్లు ఏమంటారు? డొక్కలెగురుతున్నాయి అంటారు. మన భాషలో ఆ మాట ఎప్పటి నుంచో ఉంది, పెద్దవాళ్లు కనిపెట్టారు. ఏజెన్సీలో ఉన్నప్పుడు డొక్కలెగిరే బిడ్డకు కడుపు మీద వాతలు పెట్టి తీసుకొచ్చేవారు. కాలిన చోట చీము, లోపల న్యుమోనియా. డొక్కలెగిరినా, పాలు తాగడం మానేసినా గడువు అనేదే లేదు, అదే గంటలో బయల్దేరండి. ఇప్పుడు ఆ జుబ్బా దించేయండమ్మా, ఫ్యాన్ గాలి తగులుతోంది.

పెద్దవాళ్లకైతే దగ్గుకు రెండు వారాలు గడువు. దాటితే గళ్ల పరీక్ష, అంటే కఫం పరీక్ష. టీబీ అని తేలితే మందులు ఉచితం, సాధారణంగా ఆరు నెలలు వాడాలి. తిండికోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. మధ్యలో ఆపకపోతే పూర్తిగా నయమవుతుంది.

విరేచనాలకు వద్దాం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ఎలా కమ్ముకుందో మీరంతా టీవీలో చూశారు. మనుషులు పోయారు. అతిసారంలో మనిషిని చంపేది ఒంట్లో నీళ్లూ ఉప్పూ పోవడం. కాబట్టి మందు కూడా నీళ్లూ ఉప్పే, దానికి తోడు కాస్త తీపి, దాన్నే ఓఆర్ఎస్ అంటాం. ఆ తీపి ఎందుకంటే, పేగు గోడ చక్కెరతో కలిపితేనే ఉప్పును బాగా లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెనకే నీళ్లు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపించి, తల్లులకే ఇచ్చి, మీరే తాగించండి అన్నారు. వందకు ముప్పై మంది పోతున్న చోట నలుగురి లోపుకి దిగింది. ఆసుపత్రి మందును ఇంటి మందుగా మార్చిన మనిషి ఆయన. నా మటుకు నాకు మన వంటింట్లో ఇంతకు మించిన మందు లేదు.

అయితే కలపడంలోనే తప్పు చేస్తున్నాం. ఒకసారి ఒక ఇంటికి వెళ్తే, తల్లి స్టీలు గ్లాసులో ఓఆర్ఎస్ ప్యాకెట్టు సగం పోసి, నీళ్లు కలిపి, మిగిలిన సగం మడిచి చూరులో దోపింది. బిడ్డ తాగి ఇంకా ఎక్కువ విరేచనాలు చేసుకుంటోంది. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే సముద్రపు నీళ్లలా ఉంది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీళ్లు పేగులోకి దిగిపోతాయి. పెద్ద ప్యాకెట్టుకు సరిగ్గా లీటరు నీళ్లు, ప్యాకెట్టు అంతా ఒకేసారి. ఒకరోజులో తాగగా మిగిలింది పారబోయండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి. కలిపాక మీరు రుచి చూడండి. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు. తాగించేటప్పుడు చెంచా చెంచాగా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పళ్లరసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మేవారు. అలా రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆ డబ్బాల్లో చక్కెర ఎక్కువ, విరేచనాలప్పుడు కీడు చేస్తుంది.

ఉప్పు వేసిన గంజి బాగా పనికొస్తుంది. చోడి అంబలి, అదే రాగి అంబలి, పల్చగా చేసి పోయండి. తిండి మాన్పించకండి, తల్లిపాలు అసలు ఆపకండి. పిల్లలకు జింక్ మాత్ర పద్నాలుగు రోజులు, ఆశా కార్యకర్త దగ్గరే దొరుకుతుంది. విరేచనాలు తగ్గిపోయినా మిగతా మాత్రలు పూర్తి చేయాలి. ఇక గడువు: కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలు ఒంటేలు రాకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, విరేచనంలో రక్తం పడినా, బిడ్డ తాగలేక మత్తుగా పడుకున్నా ఇక ఇంట్లో ఉంచొద్దు. దారి పొడుగునా చెంచాతో పోస్తూనే వెళ్లండి.

పచ్చకామెర్లు. ఇక్కడ నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. మన చుట్టుపక్కల జిల్లాల్లో పసరు పోసే ఊళ్లున్నాయి. ఆదివారం పొద్దున్నే ఆటోలు కట్టుకుని వెళ్తాం. పసరు పోశాక తగ్గింది కూడా. ఎందుకు తగ్గింది? మనకు ఎక్కువగా వచ్చే కామెర్లు నీళ్ల ద్వారా, తిండి ద్వారా సోకే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ అనే వైరస్‌ల వల్ల. చాలామందిలో కాలేయం కొద్ది వారాల్లో తనంతట తానే కోలుకుంటుంది. ఆ వారాల్లో పసరు తాగినవాళ్లకు పసరు వల్ల తగ్గిందనిపిస్తుంది. తాగనివాళ్లకూ తగ్గింది, వాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు. దానంతట అదే పోయే రోగం ఏ మందుకైనా మంచి పేరు తెస్తుంది. ఈ మాట ఒక్కటి గుర్తుంటే, వాట్సాప్‌లో వచ్చే సగం వైద్యాల గుట్టు మీకే తెలిసిపోతుంది.

కష్టమంతా దానంతట అదే పోని కామెర్లతోనే. పిత్తాశయంలోని రాయి జారి పిత్తనాళానికి అడ్డం పడితే కామెర్లు వస్తాయి. ఒళ్లంతా దురద, విరేచనం సున్నంలా తెల్లగా వస్తుంది. హెపటైటిస్ బీ వల్ల వస్తాయి, మద్యం వల్ల వస్తాయి. ఇవి పసరుకు లొంగవు. ఏ పసరులో ఏ ఆకు ఎంత ఉందో చెప్పరు, అసలే దెబ్బతిన్న కాలేయం దాన్ని కూడా మోయాలి. చేతి మీద కాల్చడం, కంట్లో పసరు వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆగకండి, హెపటైటిస్-ఈ వైరస్ గర్భిణులకు ప్రాణాంతకం. మనిషి మత్తుగా ఉన్నా, సంబంధం లేకుండా మాట్లాడినా, చిగుళ్లలోంచి రక్తం వచ్చినా పెద్దాసుపత్రికే. పత్యం పేరుతో చప్పిడి మెతుకులు పెట్టి మనిషిని ఇంకా నీరసపెట్టకండి. అన్నం, పప్పు, కూరలు, పళ్లు, తినగలిగినంత పెట్టండి. పుట్టిన రోజే బిడ్డ పచ్చబడితే ఎండలో పెట్టి ఊరుకోకూడదు, డాక్టరుకు చూపించాలి.

జ్వరం. పార్వతీపురం ఏజెన్సీ వైపు బంధువులున్నవాళ్లు వినండి, అక్కడికి వెళ్లొచ్చాక జ్వరం వస్తే గడువు ఒక్క రోజే. ఆశా దగ్గర కిట్టుంటుంది, వేలి మీద రక్తపు చుక్క తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా తేలుతుంది. మెదడుకు ఎక్కే రకం అక్కడ ఎక్కువ. డెంగీలో చాలామంది పొరపాటు పడేది జ్వరం తగ్గిన రోజున. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, హమ్మయ్య అనుకుంటాం, ప్రమాదం సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మనిషి వాలిపోవడం చూడండి. బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు కొంత పెరుగుతాయని చిన్న పరిశోధనలు కొన్ని అన్నాయి గానీ, అది ప్రాణం నిలబెడుతుందని తేలలేదు. ఆ చేదుకు వాంతులై ఒంట్లో నీళ్లు పోతే ఇంకా నష్టం. నీళ్లు, ఓఆర్ఎస్, గంజి బాగా తాగించండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేయకండి, మిగతావి రక్తస్రావం పెంచుతాయి.

ఇంకో జ్వరం పేరు ఈమధ్య వింటున్నారు, స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడుతుంది. నొప్పి ఉండదు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, లంగా బొందు కట్టే చోట దాక్కుంటుంది. జీడితోటలో గింజలు ఏరేవాళ్లకు వారంపైగా జ్వరముంటే స్నానాల గదిలో దీపం పెట్టుకుని ఒళ్లంతా వెతుక్కోండి. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకపోతే ఆయనకూ దొరకదు. దొరికితే డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రతో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

ఆ మాత్ర జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. దాన్ని 1948లో బయటికి తెచ్చిన అమెరికా పరిశోధనశాలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన జిల్లాలో బోదకాలు రాకుండా ఇంటికొచ్చి ఇస్తూ వచ్చిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తెచ్చిందే. ఆయన అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆకుల మీద గౌరవం ఉన్న మనిషే. పరీక్షకు నిలబడిందే మందు అనుకున్నారు, అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

బోదకాలు మాట వచ్చింది కాబట్టి, ఇంటి వైద్యమే అసలు వైద్యమైన జబ్బు అది. కాలు వాచిపోయాక ఆ వాపును మాత్ర తీసేయలేదు. రోజూ సాయంత్రం బకెట్టు నీళ్లు, మామూలు సబ్బు పెట్టుకుని కూర్చోండి. మోకాలి నుంచి కిందికి మెల్లగా రుద్దుతూ, మడతల్లో, వేళ్ల సందుల్లో కడగాలి. సబ్బు నురగ లేకుండా పోసుకోవాలి. పాత మెత్తటి నూలుబట్టతో అద్ది, వేళ్ల మధ్య పూర్తిగా ఆరేదాకా తుడవాలి. పగుళ్లుంటే మందు రాయాలి. కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. నెలకోసారి చలిజ్వరంతో కాలు ఎర్రగా పొంగడం చూశారు కదా, అది ఆ పగుళ్లలోంచి దూరిన సూక్ష్మక్రిముల వల్లే. మా సెంటర్లో ఒక ముసలమ్మ ఇలా రోజూ కడుక్కుని రెండేళ్లు ఒక్క జ్వరం లేకుండా ఉంది. ఆమె కాలు కడుక్కుంటుంటే పక్కన మనవరాలు ఎక్కాలు అప్పజెప్పేది, ఆ దృశ్యం నా కళ్లముందే ఉంది.

ఇక మన ఊరి గుండెకోత. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ మండలంలో ఏ వీధికి వెళ్లినా కిడ్నీ జబ్బు మాట వినపడుతుంది. నీళ్లా, ఎండలో పనా, మరొకటా, కారణం ఇదని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. కారణం తేలేదాకా మన చేతిలో ఉన్నవి మూడు. మొదటిది, ఒళ్లునొప్పుల మాత్ర. కొబ్బరితోటలో పని చేసి వస్తాం, నడుము లాగుతుంది, కిరాణా కొట్లో డైక్లోఫెనాక్ కొంటాం. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఆ జాతే. ఎండకు చెమటోడి, నీళ్లు తాగక, ఆ మాత్ర వేసుకుంటే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది. ఇక్కడ మాత్రం ఇంటి మందే మేలు. వేడినీళ్ల కాపడం, నూనె మర్దన, ఒక పూట విశ్రాంతి. లోహ భస్మాలు కలిపిన పొట్లాలు ఎవరు ఇచ్చినా వద్దు. వాటిలో సీసం, పాదరసం ఉండి కిడ్నీని దెబ్బతీసిన కేసులున్నాయి.

రెండోది, మీకు కష్టంగా ఉండే మాట. కొబ్బరినీళ్లు. కొబ్బరి మన అన్నం పెట్టే తల్లి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎండలోంచి వచ్చి బొండాం తాగితే మంచిదే. కానీ కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి అదే బొండాం కీడు చేయవచ్చు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. డయాలసిస్‌కి వెళ్లొచ్చిన మనిషి నీరసంగా ఉన్నాడని ప్రేమగా బొండాం కొట్టి ఇస్తాం. పనస తొనలు పెడతాం. అరటిపండు ఒలుస్తాం. ఏది ఎంత తినొచ్చో డాక్టరునడిగి, ఆ కాగితం వంటింట్లో అంటించండి.

మూడోది పరీక్ష. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ నొప్పీ చూపించదు. కాళ్ల వాపులు వచ్చేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్, బీపీ చూపించుకోండి. ఒంటేలు నురగ నురగగా వస్తే ఏడాది ఆగకండి. బీపీ పెరిగితే కిడ్నీ చెడుతుంది, కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఏటమ్మా, చెయ్యెత్తారు? పాము సంగతా. మంచి ప్రశ్న, తోటల్లో తిరిగేవాళ్లం. పాముకాటుకు ఇంటి మందు లేదు, గడువూ లేదు. కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, ఏ వేరూ నూరి రాయకండి. కరిచిన చెయ్యి, కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టి, నడిపించకుండా తీసుకెళ్లండి. విరుగుడు ఇంజక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారి కడుపునొప్పి అని లేచి, కళ్లు మూతలు పడుతుంటే అది అజీర్తి అనుకుని వాము ఇవ్వకండి. మంచం మీద, దోమతెర గుడ్డంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగండి, కారం, సున్నం, పసుపు పెట్టకండి, అదే రోజు టీకా మొదలుపెట్టండి. గాయం చిన్నదైనా సరే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ఇంక చాలు, మీకూ పొద్దుపోతోంది. మిషను దగ్గరికి రండి. ఆ స్తంభం పక్కన కూర్చున్న పెద్దమ్మా, ముందు మీరు. ఒంటేలుకు వెళ్లాలంటే వెళ్లిరండి, ఆపుకుంటే బీపీ ఎక్కువ చూపిస్తుంది. వీపు ఆనించి కూర్చోండి. కాళ్లు నేల మీద, ఒకదాని మీద ఒకటి వద్దు. గాజులు ఉండనీయండి, జాకెట్టు చెయ్యి కొంచెం పైకి జరపండి. చెయ్యి బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఇప్పుడు మాట్లాడొద్దు అమ్మా, గాలి కొడుతున్నాను.